తొమ్మిదేళ్ల పిల్లాడికి చరిత్ర, సైన్స్, సాహసాల పుస్తకాలు: మా ఇంట్లో ఏవి చదివారు, ఏవి అటకెక్కాయి

మీరు అడిగింది ఇదీ: మీ బాబుకి తొమ్మిదేళ్లు, బొమ్మల కథలు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. చరిత్ర, సైన్స్, సాహసాల పుస్తకాలు అలవాటు చేయాలంటే దేంతో మొదలుపెట్టాలి, మంచి పుస్తకమని కొనకముందే ఎలా తెలుస్తుంది అని. నేను టీచర్‌ని కాదు. ఇద్దరు పిల్లలకి కొన్నేళ్లుగా రాత్రిపూట చదివి వినిపిస్తున్నాను, అంతే. అందులో తప్పులు చేసి నేర్చుకున్నదే ఎక్కువ.

మొదటి తప్పు పెద్ద ఎన్‌సైక్లోపీడియా. మెరిసే కాగితం, పేజీకి ఇరవై బొమ్మలు. మా వాడు రెండు రోజులు తిరగేశాడు. మూడో రోజు చూస్తే దాన్ని వాలుగా నిలబెట్టి బొమ్మ కార్లు జారవిడుస్తున్నాడు. కోపమొచ్చింది కానీ తర్వాత నేనే కూర్చుని చదివితే అర్థమైంది. అన్నీ ముక్కలే. ఒక మూల పిరమిడ్, దాని పక్కన అగ్నిపర్వతం, కింద తిమింగలం బరువు. ఒకదానికీ ముందూ వెనకా లేదు. తర్వాతి పేజీ తిప్పడానికి కారణం ఏముంది?

రెండో తప్పు ఇంకా పెద్దది. అధ్యాయం అవగానే ప్రశ్నలడిగేదాన్ని. ఏ సంవత్సరం? ఎవరు కనిపెట్టారు? వారం తిరక్కుండానే నేను పుస్తకం తియ్యగానే వాడికి ఆవలింతలు మొదలయ్యాయి. బడిలో ఎలాగూ పరీక్షలున్నాయి, పడుకునేముందు ఇంకోటి ఎందుకు?

దారిన పడింది అంటార్కిటికా యాత్రికుడు ఎర్నెస్ట్ షాకిల్టన్ ఓడ కథతో. మీకు తెలిసే ఉంటుంది, అయినా రెండు ముక్కల్లో చెప్తాను. 1914 డిసెంబరులో 28 మందితో దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ జార్జియా దీవి నుంచి ఎండ్యూరెన్స్ అనే ఓడ అంటార్కిటికా వైపు బయల్దేరింది. 1915 జనవరిలో మంచులో ఇరుక్కుపోయింది. నెలల తరబడి కదల్లేదు. అక్టోబరు ఆఖర్లో ఓడని వదిలేసి మంచు మీదికి దిగారు, నవంబరు 21న అది మునిగిపోయింది. అక్కణ్ణుంచి చిన్న పడవల్లో ఎలిఫెంట్ దీవికి చేరారు. ఆరుగురు ఒక పడవలో, సుమారు 1,300 కిలోమీటర్లు, 16 రోజులు తుఫాను సముద్రం మీద ప్రయాణించి, బయల్దేరిన దీవికే తిరిగొచ్చి సాయం తెచ్చారు. ఎలిఫెంట్ దీవిలో మిగిలిన 22 మందినీ 1916 ఆగస్టు 30న తీసుకొచ్చేశారు.

ఆ పడవ పొడవు ఇరవై రెండున్నర అడుగులని పుస్తకంలో ఉంది. "అంటే ఎంత?" అన్నాడు. టేపు తెచ్చి నేల మీద సుద్దముక్కతో గీశాం. వెడల్పు ఆరడుగులు. అందులో మేం నలుగురం పడుకున్నాం, మిగతా ఇద్దరికి బదులు రెండు దిళ్లు పెట్టాం. మా అమ్మాయి మోచెయ్యి నా పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. "దీంట్లో వాళ్లు వంట కూడా చేసుకున్నారా?" అని వాడు నోరెళ్లబెట్టాడు. చేసుకున్నారు, ఒక కిరోసిన్ పొయ్యి మీద, ఒకళ్లు గిన్నె పట్టుకుని కూర్చుంటే. ఆ సుద్దగీత నాలుగు రోజులు తుడవనివ్వలేదు.

ఇక సైన్స్ ఎలా వచ్చిందో చూడండి. మంచు ఓడని ఎలా నలిపేసింది అని అడిగాడు. నేను తెలిసినట్టే, నీళ్లు గడ్డకడితే వ్యాకోచిస్తాయి కదా, అందుకని చెప్పేశాను. మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి ఫ్రీజర్లో కూడా పెట్టి చూపించాను, సీసా ఉబ్బింది, నాకు గర్వం. నీళ్లు గడ్డకట్టినప్పుడు పరిమాణం దాదాపు 9 శాతం పెరిగే మాట నిజమే. కానీ నాలుగు పేజీల తర్వాత పుస్తకమే నన్ను తప్పుపట్టింది: గాలులు, సముద్ర ప్రవాహాలు పెద్ద పెద్ద మంచు పలకల్ని ఒకదాని మీదికి ఒకటి నెట్టడం వల్ల ఆ ఒత్తిడికి ఓడ నలిగింది. మా వాడికి పండగే. "నువ్వు చెప్పింది తప్పు" అని వారం రోజులు వినిపించాడు. నేను పెట్టిన పరీక్షలన్నిటికన్నా ఆ ఒక్క తప్పు వల్లే వాడు ఎక్కువ నేర్చుకున్నాడనిపిస్తుంది.

చరిత్ర కూడా ఆ కథలోంచే వచ్చింది. 1916 మే 20న షాకిల్టన్ గడ్డం మాసిపోయి, మనిషి గుర్తుపట్టలేనట్టు తయారై, దక్షిణ జార్జియాలోని తిమింగలాల వేటగాళ్ల స్థావరానికి చేరాక అడిగిన మొదటి విషయాల్లో ఒకటి, యుద్ధం ఎప్పుడు ముగిసిందని. ముగియలేదన్నారు. "ఏ యుద్ధం?" అన్నాడు మా వాడు. ఆ రెండు మాటలతో మేం మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్లి రెండు వారాలు బయటికి రాలేదు. అదే విషయం 1914 నుంచి 1918 వరకూ అని మొదలుపెట్టి చెప్పి ఉంటే వినేవాడా?

అందుకని నా సలహా, మూడు రకాల పుస్తకాలని మూడు అరలుగా చూడకండి. సాహసంతో మొదలుపెట్టండి. తర్వాత ఏమైంది అన్న కుతూహలం పేజీ తిప్పిస్తుంది. ఇక పుస్తకాన్ని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే: ఇది మనకెలా తెలిసింది అన్నది అందులో ఉందా లేదా.

సైన్స్ పుస్తకమైతే, సరిచూడకుండా రాశారా అన్నది పట్టుకోవడం సులువు. నాలుక కొసన తీపి, వెనక చేదు అంటూ నాలుకకి పటం గీసిందంటే పక్కన పెట్టేయండి, రుచులన్నీ నాలుక మీద అంతటా తెలుస్తాయి. చైనా గోడ చంద్రుడి మీంచి కనిపిస్తుందని రాస్తే కూడా అంతే. న్యూటన్ నెత్తిన యాపిల్ పడ్డ బొమ్మ ఉన్నా నాకు అనుమానమే. పండు రాలడం చూసి ఆలోచనలో పడ్డానని ఆయన చెప్పుకున్నాడు, నెత్తిన పడిందన్నది తర్వాతివాళ్లు అతికించింది. అచ్చయిన సంవత్సరం కూడా చూడండి. ప్లూటోని మరుగుజ్జు గ్రహంగా మార్చింది 2006లో. ఈకలున్న డైనోసార్ శిలాజాలు 1996 నుంచి బయటపడుతూ వచ్చాయి. ఇంకా తోక నేలకి ఈడ్చుకుంటూ నడిచే డైనోసార్ బొమ్మ ఉందంటే ఆ పుస్తకాన్ని చాలాకాలంగా ఎవరూ సరిచూడలేదన్నమాట.

దూరాల బొమ్మలు మరీ మోసం. భూమి, చంద్రుడు పక్కపక్కనే వేస్తారు. భూమి బాస్కెట్‌బాల్ అంత ఉంటే చంద్రుడు టెన్నిస్ బంతి అంత, మధ్యలో దాదాపు ఏడు మీటర్లు. ఇది మీ బాబు చేత చేయించండి, ముందుగా బంతిని ఎక్కడ పెట్టాలో వాణ్ణే అడిగి. మా ఇద్దరూ అడుగు దూరంలో పెట్టారు.

ఖరీదైన సామాన్లున్న ప్రయోగాల పుస్తకాలు నాకు అచ్చిరాలేదు. మైకేల్ ఫారడే అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త 1860 డిసెంబరులో పిల్లల కోసం మొదలుపెట్టిన ఆరు ఉపన్యాసాలూ ఒక్క కొవ్వొత్తి మీదే. కొవ్వొత్తి ఆర్పి, పైకి లేచే తెల్లటి పొగకి వెంటనే అగ్గిపుల్ల చూపించండి, వత్తిని తాకకుండానే మంట దూకి అంటుకుంటుంది. ఎందుకంటే ఆ పొగ ఆవిరైన మైనమే. గాలి వీచని చోట, మీరు పక్కనుండి చేయండి.

చరిత్ర పుస్తకాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రాజుల పేర్ల కన్నా మామూలు మనుషులు ఏం తిన్నారు, ఏం పని చేశారు అన్నది ఉంటే పిల్లలు నిలుస్తారు. కథగా రాసినదైతే, ఏది జరిగింది, ఏది కల్పించాం అని చివర్లో రచయిత చెప్పుకోవాలి. ఆ పేజీ లేకపోతే నేను కొనను.

అట్ట మీద వేసే వయసు సంగతి అడిగారు. మీరు చదివి వినిపించేటట్టయితే దాన్ని పట్టించుకోకండి, పిల్లలు తాము చదవగలిగిన దానికన్నా పెద్దదే వినగలరు. వాడంతట వాడు చదివేదైతే మాత్రం ఒక పేజీ గట్టిగా చదివించండి. నాలుగైదు మాటల దగ్గర తడబడితే ఇంకొన్నాళ్లు ఆగండి. బొమ్మల కథలు మాన్పించొద్దు. మా వాడు ఆ ఓడ గురించి మొదట చదివింది బొమ్మల పుస్తకంలోనే.

ఇంత చెప్పి పుస్తకం పేరు చెప్పలేదేం అంటారేమో. ఆ ఓడ మీద పిల్లల పుస్తకాలు చాలా ఉన్నాయి, మీకు దొరికిన దాంట్లో రెండు చోట్లు వెతకండి. ఒకటి, ఓడ వడ్రంగి పెంచుకున్న పిల్లి. ఓడని వదిలేశాక దాన్ని తుపాకితో కాల్చేయాల్సి వచ్చింది. ఆ రాత్రి మా అమ్మాయి ఏడ్చింది, పుస్తకం మూసేయనా అంటే వద్దంది. రెండోది, ఒక్కరు కూడా చనిపోలేదన్న మాట. ఓడలోని 28 మంది వరకూ అది నిజం. కానీ అదే యాత్ర కోసం ఖండానికి అవతలి వైపు ఆహారం దాచిపెట్టడానికి వెళ్లిన జట్టులో ముగ్గురు తిరిగి రాలేదు. ఈ రెండూ దాచకుండా చెప్పిన పుస్తకం కనిపిస్తే తెచ్చేయండి. వాడు బొమ్మలు చూసి పక్కన పడేసినా మీరు మొదటి అధ్యాయం గట్టిగా చదవండి, ఓడ మంచులో ఇరుక్కునే చోట ఆపేసి లైటు తీసేయండి.