‘రివెంజ్ ఫ్రమ్ మార్స్’ కొనబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఉద్యోగం మానేసి డాలస్‌లో, గోళీని కొడుతూ ఆడే పాత పిన్‌బాల్ మెషిన్లతో కేఫ్ పెట్టబోతున్నావని, మొదటి మెషిన్‌గా ‘రివెంజ్ ఫ్రమ్ మార్స్’కి బేరం కుదుర్చుకున్నావని నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతు నిండా టెన్షనే. నాకు మాత్రం ముందు గర్వం పొంగుకొచ్చింది. మన ఇంటి పిల్లల్లో సోల్డరింగ్ నేర్పమని నా వెంట పడింది నువ్వొక్కదానివే. ఆ తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. నువ్వు స్వయంగా నాలుగు ఆటలు ఆడకుండా డబ్బు చేతిలో పెట్టకు. మోయడానికి మనుషుల్ని పెట్టుకో, నడుం పట్టేస్తే ఎవరూ వచ్చి చూడరు. రబ్బర్లన్నీ ఒకేసారి మార్చెయ్. పైన పరిచిన గ్లాసు జాగ్రత్త. పగిలితే మామూలు గ్లాసు వేసి సరిపెట్టుకోలేవు.

ఇక మానిటర్. దాని జోలికి నువ్వు వెళ్లకు. అది పాతకాలం పిక్చర్ ట్యూబ్. ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది, నడుస్తున్నప్పుడైతే ట్యూబుకి హై వోల్టేజి అందించే ఈహెచ్‌టీ వైరు దగ్గర 20,000 వోల్టులు దాటుతుంది. విజయవాడలో నేను టీవీలు బాగుచేసే రోజుల్లో, పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు స్విచ్ తీసేశానన్న ధీమాతో ఆ వైరు చివరుండే రబ్బరు టోపీ కింద వేలు పెట్టాడు. స్టూలు మీద నుంచి ఎగిరి వెనక్కి పడ్డాడు. బతికాడు. కానీ వాళ్లమ్మ షాపుకొచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చిన ఏడుపు నాకింకా వినిపిస్తుంది. కాబట్టి నేను వచ్చేదాకా మానిటర్ ఉన్న తల పెట్టె తెరవకు. తెరిచానని చెప్పావో, నీతో మాట్లాడను.

కానీ ఆ మానిటర్ లేకపోతే ఆ మెషినే లేదు, అది కూడా ఒప్పుకోవాలి. 19 అంగుళాల ట్యూబును తల పెట్టెలో కిందికి చూసేలా బిగించారు. దాని బొమ్మ గ్లాసు మీద ప్రతిబింబిస్తే, ఆడేవాళ్ల కంటికి బల్ల మధ్యలో అంగారక గ్రహం మనిషి నిలబడి ఉన్నట్టే ఉంటుంది. గోళీ వెళ్లి వాణ్ని కొడుతుంది, వాడు పేలిపోతాడు. నిజానికి గోళీ తాకింది వెనకున్న టార్గెట్‌ని. స్విచ్ ఆ సంగతి కంప్యూటర్‌కి చెబితే అది బొమ్మను పేలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను పక్కకు జరిగి వంగి చూశాను. అక్కడేమీ లేదు, ఖాళీ బల్ల! జార్జ్ గోమెజ్, పాట్ లాలర్ లాంటి డిజైనర్ల బుర్రకి అప్పుడే దణ్ణం పెట్టాను.

వాళ్లకి అంత అవసరం ఎందుకొచ్చిందో తెలుసుకో. 1992లో వచ్చిన ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ పిన్‌బాల్ మెషిన్లు 20,270 తయారయ్యాయి. తర్వాత జనం వీడియో గేముల వైపు పోయారు. 1996లో గాట్‌లీబ్ అనే పిన్‌బాల్ కంపెనీ మూతపడింది. విలియమ్స్ కంపెనీ వాళ్లు ‘పిన్‌బాల్ 2000’ అనే పద్ధతి తెచ్చి, 1999 మొదట్లో నీ మెషిన్ని బయటపెట్టారు. 6,878 అమ్ముడయ్యాయి. దానికి ముందు భాగమైన, 1995లో వచ్చిన ‘అటాక్ ఫ్రమ్ మార్స్’ 3,450 మాత్రమే. అంటే దాదాపు రెట్టింపు! వెనకే వచ్చిన ‘స్టార్ వార్స్ ఎపిసోడ్ 1’ 3,525 దగ్గర ఆగింది. అదే ఏడాది అక్టోబర్ 25న కంపెనీ పిన్‌బాల్ విభాగాన్నే మూసేసి, జూదమాడే స్లాట్ మెషిన్ల మీద పడింది. లాభం అక్కడుంది మరి.

ఇప్పుడు ఒకాయన చేసిన తప్పు చెబుతాను, నిదానంగా చదువు. బార్లలో, బౌలింగ్ సెంటర్లలో మెషిన్లు పెట్టి, వచ్చిన చిల్లరని ఆ చోట్ల ఓనర్లతో పంచుకునేవాడు. వాటిని బాగుచేసేది నేనే. పిన్‌బాల్ 2000 గొప్పదనం ఏమిటంటే, పెట్టె అలాగే ఉంచి లోపలి బల్లా, ప్రోగ్రాం కార్డూ మారిస్తే కొత్త ఆట అయిపోతుంది. ‘ఇక జన్మలో కొత్త పెట్టె కొనక్కర్లేదు, ఏడాదికి రెండు ఆటలు మారుస్తా’ అని ఉన్న పాత మెషిన్లన్నీ వచ్చిన ధరకి అమ్మేసి వీటినే కొన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టాడు. మెషిన్ విషయంలో అతని లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్కంతా కంపెనీ మరో పదేళ్లు ఆట మార్చే కిట్లు పంపుతుందన్న నమ్మకం మీద నిలబడింది. వచ్చినవి రెండే ఆటలు. లాలర్ చేస్తున్న ‘విజర్డ్ బ్లాక్స్’ బయటికే రాలేదు. చలికాలం వచ్చేసరికి అతని మెషిన్ల మీద జనానికి మోజు తీరింది, మార్చడానికి కొత్త బల్ల లేదు. అమ్మేసిన పాతవి పక్క బార్లో ఆడుతుంటే చూసి వచ్చేవాడు. ఇల్లు నిలబెట్టుకోవడానికి భార్య రెండు ఉద్యోగాలు చేసింది. నా కూలి మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టలేదు, మంచి మనిషి.

నువ్వు నాన్నకి చెప్పిన మాట విన్నాక అతనే గుర్తొచ్చాడు. ‘ఈ మెషిన్ చాలా అరుదు, జనం వాళ్లే వస్తారు’ అన్నావట. రారమ్మా. ఒకసారి వింతగా చూసి వెళ్తారు. మళ్లీ వచ్చేది కాఫీ బాగుంటే, పిల్లలు కూర్చోవడానికి చోటుంటే. కాబట్టి ఒకే రకం మీద డబ్బంతా పోయకు. స్పేర్లు సులువుగా దొరికే మెషిన్లు రెండు పక్కన పెట్టు. ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా ఇవ్వకు, ముందు శని, ఆదివారాలు తెరిచి చూడు. నాన్న మీద కోప్పడకు. వాడికి మెషిన్ గురించి కాదు భయం, నీ గురించి.

మీ పెద్దమ్మ కొంత డబ్బు పక్కన పెట్టింది, అప్పుగా కాదు. మాట్లాడకుండా తీసుకో. అమ్మేవాణ్ని అడిగి గ్లాసు ఫొటో, తల పెట్టె వెనక ఫొటో, ఆట నడుస్తున్న వీడియో నాకు పంపు. చూసి ధర సంగతి చెబుతాను. మెషిన్ ఇంటికి వచ్చే తేదీ ఖాయం చేసుకో, టికెట్ బుక్ చేసుకుంటాను.

నీ పెదనాన్న