కాలేయ క్యాన్సర్‌లో కణితి రక్తనాళాలపై దాడి చేసే కణాల వ్యాక్సిన్‌ను నమ్ముకోవచ్చా?

మీ నాన్నగారికి కాలేయ క్యాన్సర్ అని, ఈ వ్యాక్సిన్ వచ్చేదాకా ఆగవచ్చా అని అడిగారు. ఆగవద్దు. అదింకా ప్రయోగదశలోనే ఉంది. ఆలోచన మాత్రం గట్టిదే. మా మేనమామకు ఈ వ్యాక్సిన్ వేయలేదు గానీ, కణితి రక్తనాళాల మీదే బతుకుతుందన్నది ఆయన విషయంలో కళ్లారా చూశాను.

ఆయనది బంగారుపాళ్యం దగ్గర మామిడితోట. చిత్తూరు వాళ్లందరిలాగే మేమూ వేలూరు ఆసుపత్రికి పరుగెత్తాం. కణితిని కోసి తీసే స్థితి లేదు, దానికి రక్తం తెచ్చే ధమనిలోకి మందు పంపి మూసేద్దామన్నారు. తొడ మొదట్లోంచి సన్నని గొట్టం పంపి తీసిన ఆంజియోగ్రామ్‌ను డాక్టరుగారు తర్వాత తెరమీద చూపించారు. ఒక్క మూల మాత్రం మెలికలు తిరిగిన నాళాలు గుంపుగా నల్లబడి ఉన్నాయి. మామయ్య చాలాసేపు చూసి, "అయితే ఈ ఒక్క చెట్టుకు పోయే డ్రిప్పు పైపు కట్టేశారన్నమాట. తోట ఎండదు కదా సార్?" అన్నాడు. ఎండదట. మామూలు కాలేయానికి నాలుగింట మూడు వంతుల రక్తం పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తుంది. కణితి బతికేది ఎక్కువగా ధమని మీదే.

చిక్కల్లా, కణితి మళ్లీ కొత్త నాళాలు పుట్టించుకుంటుంది. ఆ నాళాలను నాశనం చేసే పని మన ఒంట్లోని రోగనిరోధక సైన్యానికే అప్పగించాలన్నది ఈ వ్యాక్సిన్ వెనుక ఆలోచన. రోగి రక్తం నుంచి డెండ్రిటిక్ కణాలను (ఆ సైన్యంలో శత్రువును గుర్తుపట్టించే కణాలివి) తయారుచేసి, కణితి నాళాల గోడల్లో ఉండే ప్రొటీన్లను వాటికి పరిచయం చేసి, తిరిగి ఎక్కిస్తారు. అవి టి కణాలకు, అంటే దాడి చేసే తెల్ల రక్తకణాలకు, శత్రువును చూపిస్తాయి. క్యాన్సర్ కణం ఊరికే వేషం మారుస్తుంది. నాళం గోడలోని కణం అంతగా మారదు, పైగా రక్తానికి ఎదురుగానే ఉంటుంది. అందుకే చివరికి గెలిచేది ఈ దారేనని నా నమ్మకం, ఎవరేమన్నా సరే. అయితే 1973లో ఈ డెండ్రిటిక్ కణాలను లోకానికి చూపిన రాల్ఫ్ స్టైన్‌మన్ కూడా తన క్లోమ క్యాన్సర్‌కు ఇలాంటి వ్యాక్సిన్లు వేయించుకున్నారు. 2011లో ఆయనకు నోబెల్ ప్రకటించడానికి మూడు రోజుల ముందు కన్నుమూశారు.

కాబట్టి ఎవరైనా లక్షలు అడిగి "సెల్ వ్యాక్సిన్" వేస్తామంటే ముందు క్లినికల్ ట్రయల్ నమోదు సంఖ్య అడగండి. మాకూ ఒకాయన ఫోను చేశాడు. సంఖ్య అడగగానే లైను కట్. ఈలోగా నాళాలను అడ్డుకునే మాత్రలు ఉండనే ఉన్నాయి. వాటిలో ఒకటైన సొరాఫెనిబ్ నెలకు దాదాపు 2.8 లక్షల రూపాయలుండేది. 2012లో కేంద్రం తప్పనిసరి లైసెన్సు (పేటెంటు వేరే కంపెనీదైనా తయారుచేసుకోవచ్చన్న అనుమతి) ఇచ్చాక మన హైదరాబాదు మందుల కంపెనీ నాట్కో దాదాపు 8,800కే ఇచ్చింది. ఇంత పెద్ద కబురు మన టీవీల్లో ఎన్నిసార్లు విన్నారు? "క్యాన్సర్‌కు వ్యాక్సిన్ వచ్చేసింది" అని మాత్రం రోజూ ఊదరగొడతారు.

వచ్చేసిన వ్యాక్సిన్ ఒకటుంది నిజంగానే, హెపటైటిస్ బి ది. కాలేయ క్యాన్సర్‌కు పెద్ద కారణాల్లో ఆ వైరస్ ఒకటి. హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే ఆ టీకాను చవకగా తెచ్చింది. మామయ్య చుక్క ముట్టని మనిషి, ఆయనకు వచ్చింది ఆ వైరస్ వల్లే. అయినా చూడటానికి వచ్చిన ప్రతి చుట్టం "ఎంత తాగేవాడేమిటి?" అని గుసగుసలాడినవాడే. ఏళ్ల క్రితం కామెర్లు వస్తే పసరు పోయించి, రక్తపరీక్ష మాట ఎత్తనిది కూడా ఈ చుట్టాలే.

మీ ఇంట్లో అందరికీ హెపటైటిస్ బి రక్తపరీక్ష చేయించండి. మా అమ్మకు ఆ వైరస్ లేదని తేలింది, టీకా వేయించాం. చిన్న మామయ్య మాత్రం మామిడి కోతలు అయ్యాక వస్తానంటున్నాడు.