పాత వాల్‌పేపర్ తీయాలా, దాని మీదే పెయింట్ వేసేయొచ్చా?

వాల్‌పేపర్ మీదే పెయింట్ వేస్తే సరిపోతుందా, తీస్తే గోడ పాడవుతుందా అని అడిగారు. తీసేయండి. మీద వేస్తే పెయింట్‌లోని తడికి కింది జిగురు నాని కాగితం అక్కడక్కడా ఉబ్బుతుంది. అతుకుల గీతలు కూడా పైకి కనిపిస్తూనే ఉంటాయి. మా హాల్లో, పడకగదిలో ఉన్నదంతా నేనూ మా ఆవిడా కలిసి తీశాం. ఓపిగ్గా నానబెడితే గోడకు ఏమీ కాదు.

ముందు ఒక మూల గోరుతో లేపి, మెల్లగా లాగి చూడండి. నాన్‌వోవెన్ రకమైతే (నారల్ని నేయకుండా అతికించి చేసిన కాగితం) చాలావరకు పట్టీ పట్టీగా పొడిగానే వచ్చేస్తుంది. స్టిక్కర్ రకమైతే హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ లాగాలి. వినైల్ అయితే పైనున్న ప్లాస్టిక్ పొర ఒక్కటే ఊడి, కింది తెల్ల కాగితం గోడకే ఉండిపోతుంది. మా ఇంట్లో ఉన్నది ఇదే. ఆ పై పొర ఉన్నంతసేపూ ఎన్ని నీళ్లు కొట్టినా లోపలికి దిగవు. చాలామంది ఇక్కడే విసిగిపోయి బ్లేడుతో గోకడం మొదలుపెడతారు. పుట్టీ పెచ్చులుగా లేచేది అప్పుడే. పొర రాకపోతే గరుకు కాగితంతో పైపైన రుద్ది, నీళ్లు దిగేలా గీతలు పడనివ్వండి. ఇల్లు బాగా పాతదైతే మాత్రం కింది రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడి గోడను అరగదీయకండి.

తడిపే ముందు మెయిన్ ఆఫ్ చేసి, స్విచ్‌బోర్డుల మీద ప్లాస్టిక్ కవర్ టేపుతో అంటించండి. ఇది మాత్రం తప్పనిసరి.

స్ప్రే సీసాలో చేయి పెట్టగలిగేంత వేడి నీళ్లు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు చాలు. సబ్బు వల్ల నీళ్లు కాగితంలోకి త్వరగా ఇంకుతాయి. ఒకేసారి గోడంతా తడిపేస్తే మీరు వెళ్లేసరికి అవతలి వైపు ఆరిపోతుంది, చేతికందినంత మేరే తడపండి. పది, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. కాగితం రంగు ముదిరి, వేలితో నెడితే ముడతలు పడుతూ జరగాలి. అలా జరిగితేనే పుట్టీ బ్లేడు పట్టండి. బ్లేడును దాదాపు గోడకు ఆనించినట్టు పడుకోబెట్టి తోస్తే తడి కాగితం పెద్ద పెద్ద ముక్కలుగా వచ్చేస్తుంది. బ్లేడు మూలల్ని ముందే ఆకురాయితో గుండ్రంగా అరగదీసుకుంటే గోడలో గుచ్చుకోవు. జిప్సమ్ బోర్డు గోడలైతే నీళ్లు బాగా తగ్గించండి, ఎక్కువైతే బోర్డు పైకాగితం కూడా నాని లేచొస్తుంది.

కాగితమంతా పోయాక గోడ శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ అసలు పని అప్పుడే ఉంటుంది. తడి చేత్తో రాసి చూడండి. బంకగా, జారుడుగా తగిలితే జిగురు ఇంకా ఉన్నట్టే. టార్చ్ లైట్ పక్క నుంచి వేస్తే ఆ మరకలు నిగనిగలాడుతూ తెలిసిపోతాయి. వేడి నీళ్లు, స్పాంజితో కడగండి. బకెట్లో నీళ్లు చిక్కబడగానే మార్చేయాలి, లేదంటే అదే జిగురును మళ్లీ గోడకు పూసినట్టవుతుంది. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది దీనికే. అయినా ఈ పని వదిలేయొద్దు. జిగురు మిగిలిన చోట పెయింట్ ఆరాక నెర్రెలు ఇచ్చి పొరలుగా లేస్తుంది.

తర్వాత ఫ్యాన్ వేసి, కిటికీలు తెరిచి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగండి. గుంటలు పడిన చోట పుట్టీ పెట్టి, నున్నగా చేసి, ప్రైమర్ కొట్టాకే పెయింట్.

కాగితం వెనక నల్లటి బూజు కనిపిస్తే మాత్రం అక్కడితో పని ఆపండి. ఆ తడి ఎక్కడినుంచి వస్తోందో, పైపు కారుతోందో, బయటి గోడకు పగులుందో చూసి, అది బాగుచేయించాకే ప్రైమర్ జోలికి వెళ్లండి.