నాణెమా, నాణ్యమా?

సందేహం: సుప్రీంకోర్టుకు యాభై ఏళ్లు నిండాయని 2000లో తెచ్చిన రెండు రూపాయల బిళ్ళ మా దగ్గరుంది. దాన్ని 'స్మారక నాణెం' అనవచ్చా? స్మారకం పోయినవాళ్లకే కదా! నాణేనికీ నాణ్యానికీ చుట్టరికం ఉందా? నాణేలను 'ముద్రించారు' అనడం సరైనదేనా?

సమాధానం: గుర్తుచేసేది ఏదైనా స్మారకమే. చావు వాసన మన సంస్మరణ సభలు అంటించింది. నిరభ్యంతరంగా అనండి.

అసలు రుచి నాణెంలో ఉంది. సంస్కృతంలో నాణకం. కుషాణుల నాణేలపై కనిపించే నానా దేవి పేరే దీనికి మూలమని ఒక వాదం. తమిళుల 'నాణయం' నాణెమూ అవుతుంది, నిజాయితీ కూడా అవుతుంది. కన్నడిగులకు నాణ్యమంటే నేటికీ నాణెమే. మనమే బిళ్ళకు నాణెమనీ, మేలిమికి నాణ్యమనీ వాటాలు వేశాం. పుణ్యం పున్నెమైనట్టు నాణ్యం నాణెమైందా, లేక నాణెమే సంస్కృత వేషం కట్టి నాణ్యమైందా? నా మొగ్గు రెండోదానికే, పట్టుబట్టను. 'నాణ్యమైన క్వాలిటీ' అనే ప్రకటనల వాళ్లకు మాత్రం దండన ఉండాలి.

నాణెం విషయంలో దండన నిజంగానే ఉంది. 'తులాశాసనమానానాం కూటకృన్నాణకస్య చ' అంటుంది యాజ్ఞవల్క్య స్మృతి. దొంగ త్రాసు, దొంగ శాసనం, దొంగ కొలత, దొంగ నాణెం చేసినవాడికీ, వాటితో వ్యవహారం నడిపినవాడికీ ఉత్తమ సాహస దండం, అంటే 1080 పణాలు. ఆ వెంటనే నాణేలు పరీక్షించే షరాబు వంతు. మంచిదాన్ని చెడ్డదన్నా, చెడ్డదాన్ని మంచిదన్నా అతనికీ అంతే. దొంగ శాసనమూ దొంగ నాణెమూ ఒకే పంక్తిలో ఇమిడాయి చూశారా! ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర. దాన్ని పదమూడో శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరము'గా తెలుగు పద్యాల్లోకి దించాడు. చట్టం తెలుగులో ఇమడదనే వకీళ్లు (ఈ మాట అరబ్బీది) ఆయన్ని ఒక్కసారి తిరగేయాలి.

ఇక 'ముద్రించడం'. ముద్ర అంటేనే ఒత్తిన గుర్తు కనుక తప్పనలేను. అయినా కాగితానికీ లోహానికీ ఒకటే క్రియ ఏమిటి? లోహపు బిళ్ళ రెండు అచ్చుల నడుమ దెబ్బ తింటేనే నాణెం. 'కొట్టారు' అంటే ఆ దెబ్బ వినిపిస్తుంది. కొట్టే చోటుకు టంకసాల అనే చక్కని మాట ఉండగా 'నాణేల ముద్రణాలయం' అని రాసే పత్రికలను ఏమనాలి? 'దీనార టంకాల తీర్థమాడించితి' అని శ్రీనాథుడు చెప్పుకున్నాడు. దీనారం రోమన్ల దెనారియస్. టంకం మన నాణెమే. మీది రాగి, నికెల్ కలిపిన 11 అంచుల బిళ్ళ, తీర్థమాడడానికి పనికిరాదు.