పడ్డ బండి వేరు, గుద్దిన బండి వేరు

చిరంజీవి చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

నువ్వు కొంటానంటున్న బండివని వాట్సాప్‌లో పంపిన ఆరు ఫోటోలూ రాత్రి మెకానిక్ షెడ్డు మూశాక పెద్దవి చేసుకుని ఒక్కొక్కటీ చూశాను. ఫోన్లో చెబితే సగం నీ చెవికి ఎక్కదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. తొందరపడకుండా చదువు.

2019 మోడల్ పల్సర్ 150. దెబ్బ తగలకుండా ఉంటే 65 వేలు పలికే బండిని అమ్మేవాడు 42 వేలకే ఇస్తానన్నాడు. "ముందు కొంచెం తగిలింది, నడవడానికి ఏ ఇబ్బందీ లేదు" అన్నాడని రాశావు. నీ కంటికి ఆ 23 వేల తేడా కనబడుతోంది. నాకు మాత్రం ఆరు ఫోటోల్లో ఎదురుగా నిలబడి తీసింది ఒక్కటీ లేదన్న సంగతి కనబడింది. అన్నీ పక్క నుంచీ, వెనక నుంచీ తీసినవే.

మా ఆటోనగర్‌లో పడ్డ బండి వేరు, గుద్దిన బండి వేరు. పడ్డ బండి అంటే ఇసుకలోనో, మలుపులోనో, స్టాండు జారో ఒక పక్కకి ఒరిగింది. దాని గాయాలన్నీ ఒకే వైపు ఉంటాయి. హ్యాండిల్ చివర, క్లచ్ లీవరు కొస, ఫుట్‌రెస్ట్ అంచు, లెగ్ గార్డు, కుడివైపు పడితే సైలెన్సర్ గీసుకుపోయి ఉంటాయి. చూడటానికి ఘోరంగా ఉంటుంది గానీ చాలాసార్లు లోపల ఏమీ ఉండదు. అలాంటి బండిని ధర తగ్గించి కొనుక్కుంటే నేనేమీ అనను. నేర్చుకునేవాడు ఎలాగూ ఒకటి రెండుసార్లు పడేస్తాడు, ముందే గీతలు పడిన బండి అయితే మనసుకి నొప్పి కూడా తక్కువ.

గుద్దిన బండి, అంటే ఎదురుగా దేన్నో ఢీకొట్టింది, అలా కాదు. ఆ దెబ్బంతా ముందు చక్రం నుంచి దాన్ని రెండు వైపులా పట్టి ఉండే ఫోర్క్ రాడ్లకి, అక్కడి నుంచి ఆ రెండు రాడ్లనూ పట్టి ఉంచే టీకి, ఆపైన ఛాసిస్ మెడకి, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే ఫ్రేము ముందు భాగానికి ఎక్కుతుంది. పైన కొత్త హెడ్‌లైటు, కొత్త మడ్‌గార్డు వేస్తే లోపలిది ఎవరికీ కనబడదు. నువ్వు పంపిన మూడో ఫోటోలో ట్యాంకు ముందు భాగంలో కుడివైపు బొటనవేలు పట్టేంత సొట్ట ఉంది. పక్కకి పడితే అక్కడ సొట్ట రాదు. హ్యాండిల్ తిరగాల్సిన దానికన్నా ఎక్కువ తిరిగి వచ్చి ట్యాంకుకి కొడితేనే వస్తుంది. అందుకే నాకు అనుమానం.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. మీ నాన్నకి తెలుసు, నీకెప్పుడూ చెప్పి ఉండడు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఇలాగే గుద్దిన బండి ఒకటి చవకగా వచ్చిందని కొన్నాను. నా మొదటి బండి అదే. నలభై దాటితే ఎడమ పక్కకి లాగేది. నాకది లాగడం అని తెలియదు, బండి అంటే ఇలాగే ఉంటుందనుకున్నాను. తెలియకుండానే ఒళ్లు కుడివైపు వాల్చి నడపడం అలవాటైంది. మూడు నెలలు నాకు నడపడం రావడం లేదని కుమిలిపోయాను. ఒకరోజు సాయంత్రం గన్నవరం దగ్గర వాన మొదలై, ముందు వెళ్తున్న ఆటో ఆగితే బ్రేకు నొక్కాను. బండి ఎడమకి తిరిగి పడింది. నా భుజం ఎముక విరిగింది. తర్వాత ఒక పెద్ద మేస్త్రీ దారం పట్టి చూపించాడు. ముందు చక్రం, వెనక చక్రం ఒక గీతలో లేవు. వేలు మందం తేడా. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ రోజు వల్లే.

చిన్నా, నిన్ను వద్దంటున్నది ఈ కారణంతోనే, డబ్బు సంగతి తర్వాత. నువ్వు ఇప్పటిదాకా నడిపింది మీ నాన్న స్కూటీ ఒక్కటే, గేర్లు వేసిన చెయ్యి కాదు. మంచి బండి తిన్నగా పోతే ఎలా ఉంటుందో ఇంకా నీ ఒంటికి తెలియదు. పదేళ్లు నడిపినవాడు వంద గజాలు పోగానే ఇందులో ఏదో తేడా ఉందని పట్టేస్తాడు. నువ్వు పట్టలేవు, తప్పు నీదే అనుకుంటావు. వంకర బండి మీద నేర్చుకున్న చెయ్యి వంకరగానే అలవాటవుతుంది.

అందుకని ఆ బండి చూడటానికి పగలే వెళ్లాలి. సాయంత్రం లైట్ల కింద చూడకు. మెయిన్ స్టాండు వేయించి హ్యాండిల్ తిన్నగా పెట్టమను. రెండు మీటర్ల దారం రెండు ముక్కలు కావాలి. వెనక టైరుకి రెండు వైపులా, నేల నుంచి జానెడు ఎత్తులో, టైరు పక్కలని తాకేలా ఒక్కో దారం పట్టి ముందు చక్రం దాకా లాగాలి. ముందు టైరు సన్నగా ఉంటుంది కాబట్టి దారానికీ టైరుకీ మధ్య కొంచెం సందు ఉంటుంది. ఆ సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక వైపు తాకి, ఇంకో వైపు వేలు దూరితే ఆ బండి మనది కాదు. దారం లాగడానికి ఇంకో మనిషి కావాలి.

తర్వాత ఎదురుగా నాలుగడుగుల దూరంలో గొంతుకూర్చుని, రెండు ఫోర్క్ రాడ్లూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో చూడు. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ని గట్టిగా కిందికి నొక్కి వదులు, మెత్తగా పైకి రావాలి. మధ్యలో పట్టేసినట్టు ఆగినా, రాడ్డు మీద ఆయిల్ చెమ్మ కనబడినా రాడ్డు వంగి ఉండొచ్చు. "లేత్‌లో బెండు తీయించాం" అంటే సరే అనకు. వంగిన రాడ్డు మళ్లీ తిన్నగా కనబడుతుంది గానీ బలం తిరిగి రాదు, మార్చాల్సిందే. అలాయ్ వీల్ కూడా అంతే. చక్రం తిప్పుతూ రిమ్ము దగ్గర పెన్సిల్ పట్టుకో. ఊగితే లెక్కలో ఆ చక్రం ఖరీదు రాసుకో, పగులు కనిపిస్తే ఇక బేరమే వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ఛాసిస్ మెడ. టార్చి వేసి చూడు. పెయింటు ముడతలు పడిందా, అక్కడొక్కటే కొత్త పెయింటు మెరుస్తోందా, వెల్డింగు కొత్తగా ఉందా? చాలా బళ్లకి ఛాసిస్ నంబరు అక్కడే కొట్టి ఉంటుంది. ఆర్సీలో ఉన్న నంబరుతో ఒక్కొక్క అక్షరం కలిపి చూసుకో. అరగదీసినట్టున్నా, అక్కడ వెల్డింగ్ ఉన్నా ఇరవై వేలకి ఇచ్చినా వద్దు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి చేశారు. ఇది ఆగస్టు రిజిస్ట్రేషన్ అన్నావు కాబట్టి ముందు చక్రానికి ఏబీఎస్ ఉండాలి. తాళం తిప్పగానే మీటరులో ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. అస్సలు వెలగకపోయినా అనుమానమే, కనెక్షన్ పీకేసి ఉంటారు. ముందు దెబ్బ తగిలితే, చక్రం వేగాన్ని ఏబీఎస్‌కి తెలియజేసే, డిస్కు పక్కనుండే సన్నటి రింగు వంగడం మామూలే.

కాగితాల విషయంలో యాక్సిడెంట్ ఎప్పుడు, ఎక్కడ, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని సూటిగా అడుగు. ఎవరికైనా తగిలి ఉంటే పోలీసు కేసు ఉంటుంది, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి ఉంటాడు. కేసులో ఉన్న బండి జోలికి పోకు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, అంటే మన బండి వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చేది, ఒకేసారి కట్టిస్తున్నారు. అంటే ఈ బండికి కట్టింది 2024 ఆగస్టుతో అయిపోయింది, ఆ తర్వాత కట్టాడో లేదో పాలసీ చూపించమను. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయించడం దండగని తేల్చేస్తారు. అలా తేల్చేసిన బళ్లు కూడా మళ్లీ పెయింటు వేసుకుని అమ్మకానికి వస్తుంటాయి, కాబట్టి క్లెయిము చేశాడా అనీ అడుగు. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్వోసీ, ఆర్సీలో ఆ అప్పు కొట్టేయించే ఫారం 35 కావాలి. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు నీ ఎదురుగా పెట్టించుకో. పేరు మారాక పద్నాలుగు రోజుల్లోపు ఇన్సూరెన్సు నీ పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టాలి. చలానాలు ఉంటే ఆయన చేతే కట్టించు.

ఇక డబ్బు. ఫోర్క్ సెట్టు, టీ, హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్టు (బేరింగులు), చక్రం, డిస్కు, హెడ్‌లైటు అన్నీ రాసుకుని స్పేర్ పార్ట్స్ కొట్లో ఒరిజినల్ ధర అడిగి, మజూరీ కలుపు. వచ్చిన మొత్తానికి ఇంకో సగం కలుపు, విప్పితే గానీ బయటపడనివి ఎప్పుడూ ఉంటాయి. అది 23 వేలకి దగ్గరగా వస్తే నీకు మిగిలేదేమీ లేదు, పైగా బండి నెల రోజులు షెడ్డులో ఉంటుంది. అదే డబ్బుకి ఇంకో ఏడాది పాతదైనా, వంద సీసీ అయినా, దెబ్బ తగలని బండి దొరుకుతుంది. నాకైతే నువ్వు వంద సీసీ బండి కొనడమే ఇష్టం. గేర్లు అలవాటయ్యాక రెండేళ్లకి పల్సర్ నేనే దగ్గరుండి కొనిపెడతాను.

ఇది గుద్దిన బండి కావచ్చని మీ అమ్మకి చెప్పావా? చెప్పకపోతే ఇవాళే చెప్పు.

ఆదివారం షెడ్డుకి సెలవు. పొద్దున్న తొమ్మిదికల్లా గుంటూరు బస్టాండుకి వస్తాను, ఇద్దరం కలిసి వెళదాం. దారం, టార్చి నేనే తెస్తాను. ఈలోగా ఎదురుగా నిలబడి ఒక ఫోటో, ఛాసిస్ మెడ దగ్గర ఒక ఫోటో తీసి పంపమని ఆయన్ని అడుగు. పంపకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను బస్సెక్కను. అడ్వాన్సు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

ఇట్లు,
మీ బాబాయి