వెయ్యి రూపాయల్లో కళ్ళని నిజంగా కాపాడే కూలింగ్ గ్లాస్: చెరువు గట్ల మీద, బైక్ మీద తిరిగేవాళ్ళకి

మీరు అడిగింది ఇది: విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీద పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్ల మీదే, నెల్లూరు నుంచి రోజూ బైక్ మీద రాకపోకలు. ఫుట్‌పాత్ మీద కొన్న 150 రూపాయల నల్లద్దాలు పెడితే గంటకే తలనొప్పి. వెయ్యి రూపాయల్లోపు కళ్ళకి పనికొచ్చేవి ఏవి, అంగట్లో నిలబడి మంచివో కావో ఎలా తెలుసుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ పనికి ఒక జత సరిపోదు, రెండు కావాలి. బేరం చూసి కొంటే రెండూ కలిపి మీ వెయ్యికి అటూ ఇటూగా వస్తాయి. మొదటిది స్మోక్ రంగు పాలీకార్బొనేట్ (సులువుగా పగలని ఒక రకం ప్లాస్టిక్) సేఫ్టీ గాగుల్స్, 100 నుంచి 250 రూపాయలు. బైక్ మీదకీ గట్ల మీదకీ ఇది. రెండోది గ్రే రంగు పోలరైజ్డ్ అద్దాలు, అంటే నీళ్ళ మీది తళుకుని ఆపేవి, 700 నుంచి మొదలు. నీళ్ళలోకి చూసే పనికి ఇది. ఒక్కటే కొనగలరంటే మొదటిది కొనండి.

ఇక ఎందుకో చెప్తాను. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో నేల దాకా వచ్చేవి రెండు రకాలు. కాంతి అల పొడవుని కొలిచే నానోమీటర్లలో చూస్తే, 280 నుంచి 315 మధ్యవి యూవీబీ, 315 నుంచి 400 దాకా ఉన్నవి యూవీఏ. అద్దం మీద 'యూవీ400' అని ఉంటే 400 దాకా ఆపుతుందని అర్థం. ఇవేవీ కంటికి కనపడవు. కాబట్టి అద్దం ఎంత నల్లగా ఉందో చూసి యూవీ ఆగుతుందో లేదో చెప్పలేం. నలుపు వెలుతురును తగ్గిస్తుంది, అంతే. యూవీని ఆపేది అద్దం చేసిన పదార్థం, లేకపోతే దానికి వేసిన కోటింగు. నల్లగా ఉండి యూవీని ఆపని అద్దం పెట్టుకోవడం అసలు పెట్టుకోకపోవడం కన్నా చెడ్డది. చీకటిగా ఉందనుకుని కనుపాప పెద్దదవుతుంది, కళ్ళు చిట్లించడం మానేస్తాం, యూవీ ఇంకా ఎక్కువగా లోపలికి పోతుంది.

ఫుట్‌పాత్ మీద అమ్మేవన్నీ యూవీని వదిలేస్తాయని కాదు, కొన్ని బాగానే ఆపుతాయి. ఏది ఆపుతుందో చూడగానే తెలియదు, చిక్కంతా అక్కడే. స్టిక్కర్‌ని నమ్మొద్దు. 'యూవీ400' స్టిక్కర్లు చుట్టలు చుట్టలుగా దొరుకుతాయి, ఎవరైనా అంటించుకోవచ్చు.

పరీక్ష ఇలా చెయ్యండి. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద బట్టల కొట్లలో, బంగారం కొట్లలో దొంగనోట్లు పట్టడానికి ఊదారంగు ట్యూబు ఉన్న చిన్న పెట్టె ఉంటుంది. ఆ వెలుతురు కింద 500 నోటు పెడితే నంబర్లు మెరుస్తాయి, కాగితంలో అక్కడక్కడా సన్నటి పోగులు వెలుగుతాయి. ఇప్పుడు కళ్ళజోడు లెన్సుని నోటుకి ఆనించి, ట్యూబుకీ నంబర్లకీ మధ్యలో పెట్టండి. లెన్సు కిందున్న నంబర్ల మెరుపు ఆరిపోయి, పక్కనున్నవి మెరుస్తూనే ఉంటే యూవీ ఆగినట్టు. లెన్సు కింద కూడా మెరుస్తుంటే ఆగలేదు. నల్లద్దం ఎలాగూ మెరుపుని మసక చేస్తుంది కాబట్టి తొందరపడొద్దు. చుట్టూ చీకటి చేసి, కొంచెం పక్కకి వంగి లెన్సు కిందికి చూడండి. మసకగా మెరిసినా అది ఫెయిలే.

ఇదే పరీక్ష రంగులేని పాలీకార్బొనేట్ సేఫ్టీ గాగుల్స్‌తో చేసి చూడండి. అద్దంలోంచి నోటు మొత్తం స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, నంబర్ల మెరుపు మాత్రం పోతుంది. రంగుకీ రక్షణకీ సంబంధం లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

సొంతంగా యూవీ టార్చి కొనుక్కుంటే 365 నానోమీటర్లది తీసుకోండి. చవగ్గా దొరికే 395 టార్చి వెలుతురు 400 దాటి కూడా కొంత ఉంటుంది. మంచి అద్దంలోంచి కూడా ఊదారంగు కనిపించి మీరు అనవసరంగా అనుమానపడతారు. టార్చిని ఎవరి కళ్ళలోకీ కొట్టొద్దు. ఇంకో మాట: కొన్ని అంగళ్ళలో నీలం లేజర్ పెన్ను, తెల్లకార్డు పెట్టి 'చూడండి, అద్దం ఆపేసింది' అని చూపిస్తారు. ఆ పెన్నుది సాధారణంగా 405 నానోమీటర్ల వెలుతురు. అది నీలి కాంతిని తగ్గించే బ్లూ కట్ అద్దాల పరీక్ష, యూవీకి దాంతో పనిలేదు.

మీ తలనొప్పి సంగతికి వద్దాం. దానికి యూవీ కన్నా అద్దంలో వంకరే కారణం అయ్యుండొచ్చు. చవక అద్దాలు పలుచని ప్లాస్టిక్ షీటుని కోసి ఫ్రేములోకి వంచి దిగ్గొట్టినవి. ఒక్కో చోట ఒక్కో మందం, ఒక్కో ఒంపు. రెండు కళ్ళూ రెండు రకాలుగా చూస్తాయి, వాటిని ఒకటి చెయ్యడానికి కంటి కండరాలు గంటల తరబడి లాగుతూనే ఉంటాయి. కళ్ళజోడుని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక్క లెన్సులోంచి ఎదురుగా ఉన్న తలుపు ద్వారబంధాన్ని గానీ కిటికీ ఊచని గానీ చూడండి. కళ్ళజోడుని మెల్లగా పైకీ కిందికీ, పక్కలకీ జరపండి. ఊచ నిటారుగా నిలబడితే మంచిది. మెలికలు తిరిగితే పక్కన పెట్టెయ్యండి. ట్యూబులైటు ప్రతిబింబం లెన్సు మీద పడేలా పట్టుకున్నా తెలుస్తుంది: గీత సాఫీగా సాగాలి, నీళ్ళలో నీడలా వణక్కూడదు. చివరగా కళ్ళజోడుని తెల్లకాగితం మీద పెట్టి రెండు లెన్సుల రంగు ఒకేలా ఉందో లేదో చూడండి. ఒకటి ముదురు, ఒకటి లేత అయితే ఆ జత వద్దు.

సేఫ్టీ గాగుల్స్ గురించి ఇంకాస్త చెప్పాలి. వీటిని ఎవరూ కూలింగ్ గ్లాస్ లెక్కలోకి తీసుకోరు, అది తప్పు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, కృష్ణపట్నం పోర్టులో పనివాళ్ళు పెట్టుకునేలాంటివే ఇవి. పాలీకార్బొనేట్ పుట్టుకతోనే యూవీని దాదాపు మొత్తం పీల్చేస్తుంది, దానికి విడిగా కోటింగు అక్కర్లేదు. రాయి తగిలినా గాజులా పగిలి కంట్లో గుచ్చుకోదు. పక్కలకి కూడా వంపు తిరిగి ఉంటుంది కాబట్టి దుమ్ము తక్కువ వస్తుంది, పక్కనుంచి వచ్చే ఎండా తగ్గుతుంది. కాడలు సన్నగా, తిన్నగా ఉన్న మోడల్ తీసుకుంటే హెల్మెట్ పెట్టుకున్నాక కూడా తేలిగ్గా లోపలికి దూరుతుంది. హార్డ్‌వేర్ కొట్లలో, సేఫ్టీ సామాన్లు అమ్మే చోట అడగండి. కాడ మీదో లెన్సు మూలనో మన దేశ ప్రమాణం ఐఎస్ 5983 గానీ, యూరప్ ప్రమాణం ఈఎన్ 166 గానీ, అమెరికా ప్రమాణమైతే జెడ్87 గానీ అచ్చు ఉండాలి. జెడ్87 పక్కన 'యూ6' అని ఉంటే యూవీ విషయంలో ఆ ప్రమాణంలో అన్నిటికన్నా పై మెట్టు. యూరప్ గుర్తుల్లో '5-3.1' అని కనిపిస్తే మన ఎండకి సరిపోయే నలుపు, '5-2.5' అంటే కొంచెం లేత.

వీటికి లోపాలు లేకపోలేదు. పాలీకార్బొనేట్ మెత్తన, గీతలు తొందరగా పడతాయి. చెమటకి లోపల ఆవిరి పడుతుంది, అందుకని యాంటీ ఫాగ్ ఉన్నది అడగండి. ముక్కు దగ్గర గట్టి ప్లాస్టిక్ ఉంటే సాయంత్రానికి ఒరుసుకుంటుంది, రబ్బరు ప్యాడు ఉన్నదానికి ఇంకో 50 పెట్టండి. స్మోక్‌తోపాటు రంగులేనిది కూడా ఒకటి, వంద రూపాయల్లోపుది, కొని బైక్ బాక్సులో పడెయ్యండి. పొద్దుగూకాక చెరువుల మధ్య రోడ్డు మీద పురుగులు కళ్ళలో పడకుండా అది కాపాడుతుంది. చీకట్లో రంగద్దాలు మాత్రం పెట్టొద్దు. 'నైట్ డ్రైవింగ్' అని అమ్మే పసుప్పచ్చ అద్దాలు కూడా వచ్చే కాస్త వెలుతురునీ తగ్గిస్తాయే కానీ చూపు పెంచవు.

ఇక పోలరైజ్డ్. నీళ్ళ మీద పడి కొట్టే తళుకు చాలామటుకు ఒకే దిశలో అడ్డంగా ఊగే కాంతి. పోలరైజ్డ్ ఫిల్ము దాన్ని ఆపేస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే పైతళుకు పోయి చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం), అంచున తేలే రొయ్యలు, విడిచిన పెంకులు కనిపిస్తాయి. మీకు గ్రే రంగే ఎందుకంటున్నానంటే, చెరువు నీటి రంగు చూసి నిర్ణయాలు తీసుకునే పని మీది. బ్రౌన్ అద్దంలోంచి చూస్తే పచ్చనీళ్ళు కూడా గోధుమరంగులోకి తిరిగినట్టు కనిపిస్తాయి. గ్రే అన్ని రంగుల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తుంది. అయినా సరే, నీటి రంగు చూసి మందో సున్నమో వెయ్యాలనుకున్నప్పుడు కళ్ళజోడు తీసి ఒకసారి చూడండి.

నిజంగా పోలరైజ్డో కాదో తెలుసుకోవడానికి అంగట్లో కౌంటర్ మీదున్న కాలిక్యులేటర్ చాలు. లెన్సులోంచి దాని అంకెలు చూస్తూ కళ్ళజోడుని గడియారం ముల్లులా తిప్పండి. ఒక చోట తెర మొత్తం నల్లబడాలి. ఎంత తిప్పినా మారకపోతే అది మామూలు నల్లద్దమే. ఇదే గుణం చెరువు దగ్గర ఇబ్బంది పెడుతుంది: ఆక్సిజన్ మీటరు, పీహెచ్ మీటరు, కొన్ని బైకుల డిజిటల్ మీటరు వంచి పట్టుకుంటే ఖాళీగా కనిపిస్తాయి. మీటరు పాడయిందనుకోకుండా తల వంచి చూడండి. చవక పోలరైజ్డ్ అద్దాలు పొరలు పొరలుగా అతికించినవి. ఎండలో బైక్ ట్యాంకు మీదో కారు డాష్‌బోర్డు మీదో వదిలేస్తే అంచుల దగ్గర పొర లేచి బుడగలు వస్తాయి. ఒకసారి లేచిందంటే బాగుచెయ్యడం కుదరదు.

ఫాస్ట్‌ట్రాక్, విన్సెంట్ చేజ్, డెకాథ్లాన్ లాంటి బ్రాండ్లలో మీ బడ్జెట్‌కి దగ్గర్లో మోడళ్ళు ఉంటాయి, పండగ ఆఫర్లలో ఇంకొంచెం దిగుతాయి. కాడ లోపలివైపు 'క్యాట్ 3' లేదా ఉత్త 3 అంకె చూడండి. కూలింగ్ గ్లాసుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-1 ప్రకారం క్యాట్ 3 అంటే నూటికి 8 నుంచి 18 పాళ్ళ వెలుతురు లోపలికి వస్తుంది. మన ఎండకి అదే సరి. క్యాట్ 2 అయితే 18 నుంచి 43, మబ్బు రోజులకి బాగుంటుంది. క్యాట్ 4 కి 3 నుంచి 8, దాంతో బండి నడపకూడదు. అక్కడే 58, 16, 140 లాంటి మూడు అంకెలు ఉంటాయి: లెన్సు వెడల్పు, ముక్కు మీద ఎడం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ఇప్పుడు వాడుతున్న కళ్ళజోడు ఒంటికి పట్టినట్టుంటే దాని అంకెలు చూసుకుని ఆన్‌లైన్‌లో అవే వెతకండి. పెట్టుకుని నవ్వండి. బుగ్గలు ఫ్రేముని పైకి ఎత్తకూడదు, కనురెప్పల వెంట్రుకలు లెన్సుకి తగలకూడదు.

ఎండలో నల్లబడి నీడలో తెల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలకి డబ్బు పెట్టొద్దు, కనీసం మీ పనికి. వేడి ఎక్కువైతే అవి సరిగా నల్లబడవు, మన మే నెలలో వాటి అవసరం ఉన్నప్పుడే తక్కువ పని చేస్తాయి. కార్లో అయితే ముందు అద్దమే యూవీని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి అసలు రంగు మారవు.

పవర్ ఉంటే రెండు దారులు. పాత కళ్ళజోడు మీద తగిలించే పోలరైజ్డ్ క్లిప్ చవక. లేదా పాత ఫ్రేములోనే పవర్ అద్దాలకి గ్రే టింట్ వేయించుకోండి. మామూలు ప్లాస్టిక్ లెన్సు, అంటే సీఆర్-39, యూవీఏని పూర్తిగా ఆపదు. టింట్ వేస్తే ఆగిపోతుందనుకోవద్దు. 'యూవీ400 కూడా చేసి ఇవ్వండి' అని విడిగా చెప్పి, బిల్లు మీద రాయించుకుని, తీసుకునేటప్పుడు నోటు పరీక్ష చెయ్యండి.

మిట్టమధ్యాహ్నం మాత్రమే పెట్టుకుంటే చాలనుకుంటారు చాలామంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ్మలు, రెప్పలు కొంత నీడనిస్తాయి. ఎనిమిది నుంచి పది దాకా, మళ్ళీ రెండు నుంచి నాలుగు దాకా ఎండ తిన్నగా మొహానికే కొడుతుంది. దానికి తోడు మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్ర తీరాల్లో పొడి ఇసుక యూవీలో నూటికి 15 పాళ్ళు, అలల నురుగు 25 పాళ్ళ దాకా తిప్పికొడతాయి. కళ్ళజోడుతోపాటు ముందుకి అంచున్న టోపీ కూడా పెట్టండి.

చెరువు నీళ్ళు ఉప్పువి. చిందిన చుక్క ఆరితే స్క్రూలు తుప్పు పడతాయి, ఉప్పు పొడి లెన్సుని గీకుతుంది. తువ్వాలుతోనో చొక్కా అంచుతోనో పొడిగా తుడిస్తే నెలకే మసకబారుతుంది. సాయంత్రం మంచినీళ్ళు పోసి, వేలితో ఒక చుక్క గిన్నెల సబ్బు రాసి కడిగి, మెత్తటి నూలుగుడ్డతో అద్దండి. శానిటైజర్, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం తగలనివ్వొద్దు, పాలీకార్బొనేట్‌కి పగుళ్ళు రావచ్చు. చూసే చోట నడిమధ్యలో గీతలు పడ్డాక ఆ జత మార్చెయ్యండి.

చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ ఫ్రేముకి వెల్డింగ్ చేయిస్తున్నప్పుడు ఈ కళ్ళజోళ్ళు పెట్టుకుని మంట వైపు చూడకండి, ఎంత ఖరీదువైనా సరే. గ్రహణానికీ ఇంతే. కంట్లో ముక్కువైపు మూల నుంచి ఎర్రటి కండ నల్లగుడ్డు మీదికి పాకుతున్నట్టు అనిపిస్తే, ఎండలో, దుమ్ములో తిరిగేవాళ్ళకి అది ఎక్కువగా వస్తుంది, మందుల కొట్లో చుక్కలు కొని వాడకండి. కళ్ళజోడు అది పెరగకుండా సాయం చేస్తుంది గానీ వచ్చిన కండని వెనక్కి పంపలేదు. నల్లగుడ్డు నడిమికి చేరకముందే కంటి డాక్టరుకి చూపించండి.