అబుదాబిలోనే ఆపి వెనక్కి పంపారు: ఎవరి మీద కేసు వేయాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటు, వీసా రెండూ వచ్చాయి. హనుమకొండలోని ఒక కన్సల్టెన్సీ వాళ్లు 'అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ చెకింగ్ అక్కడే అయిపోతుంది, టెన్షన్ ఉండదు' అని టికెట్ తీశారు. పోయిన ఏడాది జనవరి 9న అబుదాబిలో అమెరికా అధికారులు ఫోన్ చూశారు. నాలుగు గంటలు ప్రశ్నలు వేసి, కాగితాల మీద సంతకాలు తీసుకుని, వీసా కొట్టేసి తిప్పి పంపారు. ఫీజు ఎవరు కడుతున్నారని అడిగితే మావాడు 'నాన్న, పొలం మీద లోన్ తీసుకుని' అన్నాడట. ఫారంలో మాత్రం డాలస్‌లో ఉన్న మా తమ్ముడి పేరు ఉందట. ఊళ్లో అందరూ డిపోర్ట్ అయ్యాడంటున్నారు. వాళ్లమ్మ అన్నం సరిగా తినడం లేదు. ఆ దారిలో పంపినందుకే ఇలా అయిందని కన్సల్టెన్సీ మీద, ఎయిర్‌లైన్స్ మీద కేసు వేయవచ్చా? కొత్త పాస్‌పోర్టు తీసుకుని మళ్లీ అప్లై చేద్దామని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. - ఒక తండ్రి

జవాబు: మీరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. అందులో నాకు కావలసింది ఒక్క కాగితం. అధికారులు మీవాడికి ఇచ్చిన ఐ-275 ఫారం. దాని మొదటి పేజీ ఫొటో మాత్రమే పంపారు. మీవాడిని ఏ కారణంతో ఆపారో, ఏ సెక్షన్ కింద అనర్హుడన్నారో ఆ పేజీలో కనపడటం లేదు. మీ అబ్బాయికి అమెరికా దారి ఉందా లేదా అన్నది ఆ సెక్షన్ నంబరు మీదే ఆధారపడి ఉంది. ఊళ్లో వాళ్లు ఏమంటున్నారన్నది దానికి సంబంధం లేని విషయం.

ముందుగా, అది డిపోర్టేషన్ కాదు. ఐ-275 అంటే ప్రవేశం కోసం పెట్టుకున్న దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టు రాసుకునే కాగితం. ఇక్కడ మీరు తిడుతున్న అబుదాబి దారే మీకు మేలు చేసింది. 2014 జనవరి నుంచి అమెరికా అధికారులు అబుదాబిలో ఈ ముందస్తు తనిఖీ చేస్తున్నారు. దీన్ని ప్రీక్లియరెన్స్ అంటారు. టొరంటోలో 1952లోనే మొదలైన పద్ధతి ఇది. ఇప్పుడు కెనడా, ఐర్లాండ్ లాంటి దేశాల్లోనూ ఉంది. అక్కడ పాసయితే అమెరికాలో దిగాక దేశంలోపలి ప్రయాణికుడిలా బయటికి నడిచి వెళ్లిపోవచ్చు. ఆపేస్తే మాత్రం ఇంకా అమెరికా గడ్డ మీద కాలు పెట్టలేదు కాబట్టి, అక్కడి ఎయిర్‌పోర్టుల్లో జడ్జి లేకుండానే అధికారి ఇచ్చే 'తక్షణ బహిష్కరణ' ఆర్డర్ ఇక్కడ ఇవ్వలేరు. ఆ ఆర్డర్ పడితే మామూలుగా ఐదేళ్ల నిషేధం. మీవాడు చేరాల్సిన షికాగోలో దిగి ఇవే జవాబులు చెప్పి ఉంటే ఆ ఆర్డర్ చేతికొచ్చే ప్రమాదం ఉండేది. రాత్రంతా అక్కడే కూర్చోబెట్టి మర్నాటి విమానం ఎక్కించేవాళ్లు కూడా.

కన్సల్టెన్సీ వాళ్లు చెప్పని నష్టాలూ ఉన్నాయి. క్యూ పెద్దదైతే, లోపలి గదిలో కూర్చోబెడితే విమానం పోతుంది. పక్కన లాయరు ఉండడు. అబుదాబిలో ఉదయం పదయితే జనవరిలో షికాగోలో రాత్రి పన్నెండు. ఆ వేళకి యూనివర్సిటీలో ఫోన్ ఎత్తి 'అవును, మా విద్యార్థే' అని చెప్పే మనిషి దొరకడు. దీని మీద అప్పీలూ లేదు. ఇక్కడ హైకోర్టులో రిట్ వేద్దామని మీకు ఎవరో చెప్పినట్టు రాశారు. ఆ ఫీజు దాచుకోండి.

కాబట్టి 'ఆ దారిలో పంపారు' అన్న కారణంతో కన్సల్టెన్సీ మీద కేసు నిలబడదు. ఎయిర్‌లైన్స్ మీద అసలే నిలబడదు. ప్రవేశం దొరకకపోతే బాధ్యత ప్రయాణికుడిదేనని టికెట్ షరతుల్లోనే ఉంటుంది. వాడని టికెట్ భాగంలో పన్నుల వాపసు మాత్రం అడగండి.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో మీ ఉత్తరం నాలుగో పేజీలో మీరే రాశారు, దాని బరువు తెలియకుండా. డీఎస్-160 ఫారం, అంటే వీసా దరఖాస్తు, కన్సల్టెన్సీ వాళ్లే నింపారు. ఖర్చు భరించేది డాలస్‌లో ఉన్న మీ తమ్ముడని రాశారు. మావాడు అది చూడనే లేదు అంటున్నారు. లక్షలు పెట్టి చదువుకి వెళ్తున్న పిల్లవాడికి తన పేరు మీద పోయే ఫారం ఒకసారి చదివే తీరిక లేదా? ఎవరు నింపినా 'సబ్మిట్' నొక్కడంతో అది అతని సంతకం కిందే లెక్క. ఇక ఫోన్‌లో దొరికింది కన్సల్టెన్సీ మేనేజరు మెసేజ్: 'వెళ్లిన వారంలోనే గ్యాస్ స్టేషన్‌లో పెట్టిస్తాం.' ఎఫ్-1 వీసా, అంటే మీవాడికి ఇచ్చిన విద్యార్థి వీసా మీద క్యాంపస్ బయట అలా పని చేయడం నిషేధం.

ఈ రెంటినీ చూసి అధికారి ఏ సెక్షన్ రాశాడన్నదే ఇప్పుడు తేలాలి. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోని 212(ఎ)(7) అని ఉంటే, ఆ వీసాకు తగిన ఉద్దేశంతో వస్తున్నాడని నమ్మలేదని అర్థం. దానికి కాలపరిమితి నిషేధం లేదు, మళ్లీ అప్లై చేసుకోవచ్చు. 212(ఎ)(6)(సి) అని ఉంటే అబద్ధం చెప్పాడని అర్థం. అది జీవితకాలం వెంటాడుతుంది. మాఫీ కోరే దారి ఉన్నా చాలా ఇరుకు. మిగతా పేజీలు, ప్రశ్న-జవాబుల వాంగ్మూలం ఇంట్లో వెతకండి. దొరకకపోతే అమెరికా సమాచార హక్కు చట్టం, అంటే ఫోయా కింద కాపీ అడగవచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మీ అబ్బాయి పేరుతో, అతని సంతకంతో వెళ్లాలి.

ఇప్పుడు కొత్త పాస్‌పోర్టు మాట. ఈ సలహా ఇచ్చిన మనిషి ఆఫీసు మెట్లు మళ్లీ ఎక్కకండి. పాత పాస్‌పోర్టు పోయిందని పోలీస్ స్టేషన్‌లో అబద్ధపు ఫిర్యాదు ఇస్తే అది ఒక నేరం. ఆ అబద్ధం మీద కొత్తది తీసుకుంటే పాస్‌పోర్టుల చట్టం, 1967లోని 12వ సెక్షన్ కింద ఇంకో నేరం. రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంత చేసినా లాభం సున్నా. పాస్‌పోర్టు నంబరు మారుతుంది, వేలిముద్రలు మారవు. పది వేళ్ల ముద్రలూ వీసా ఇంటర్వ్యూ నాటి నుంచే వాళ్ల దగ్గర ఉన్నాయి. పైగా 'ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా, దరఖాస్తు వెనక్కి తీసుకున్నారా' అని డీఎస్-160లో నేరుగా అడుగుతారు. అక్కడ 'నో' పెట్టిన రోజు, ఇప్పుడు పడకపోయి ఉన్నా ఆ 6సి ముద్ర, అంటే అబద్ధం చెప్పాడన్న ముద్ర, అప్పుడు కచ్చితంగా పడుతుంది. జవాబు 'యస్'. కింద జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు.

డబ్బు సంగతి. కన్సల్టెన్సీకి 1,80,000 ఇచ్చామని, 40,000 ఫోన్‌పేలో, మిగతాది నగదు అని రాశారు. రసీదు లేదు. పత్తి అమ్మితే తక్‌పట్టీ జాగ్రత్తగా దాచుకుంటారు కదా, ఇక్కడ లక్షా నలభై వేలకు ఒక చీటీ అడగడానికి మొహమాటమా? సరే, నగదు ఇచ్చిన తేదీకి ముందు బ్యాంకులో తీసినట్టు ఉంటే ఆ స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. 'డబ్బు ముట్టింది' అన్న వాయిస్ మెసేజ్ ఉందన్నారు, దానికి విలువ ఉంది. కానీ మెసేజ్ స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి పెడితే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి కొత్తది కొందామనుకుంటున్నామని చివర్లో రాశారు. వద్దు. మీ కేసు మొత్తం ఆ ఫోన్‌లోనే ఉంది.

మీ కేసు దారి గురించి కాదు, సేవా లోపం గురించి. ఫారంలో తప్పు వివరం రాయడం, చట్టవిరుద్ధమైన పని ఇప్పిస్తామని ఆశ చూపడం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఇచ్చిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి వేయండి. సంతకం విషయంలో మీవాడి నిర్లక్ష్యాన్ని అవతలి లాయరు ఎత్తి చూపుతాడు, దానివల్ల పరిహారం కొంత తగ్గవచ్చు. టికెట్ డబ్బు కూడా అడగండి గానీ మొత్తం వస్తుందని లెక్క వేసుకోకండి.

గడువు రెండేళ్లు. జనవరి 9 నుంచి లెక్క. 'వచ్చే ఇంటేక్‌లో పంపిస్తాం, ఆగండి' అని వాళ్లు మిమ్మల్ని ఇంతకాలం ఆపారు. ఆ మాటలతో గడువు పెరగదు. మీరు లీగల్ నోటీసు ఇచ్చినా పెరగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, వాళ్లను నమ్మి కూర్చున్నామన్నది మంచి కారణం కాదు. ఈ నెలలోనే నోటీసు ఇవ్వండి, పదిహేను రోజులు చూడండి, డిసెంబరు దాటనివ్వకుండా ఫిర్యాదు వేయండి.

యూనివర్సిటీకి కట్టిన ఫీజు వేరే సంగతి. వాళ్ల రీఫండ్ నిబంధనల ప్రకారం మీవాడు తన యూనివర్సిటీ ఈమెయిల్ నుంచే, ఐ-275 కాపీ జతచేసి అడగాలి. ఆ డబ్బు బ్యాంకు లోన్ నుంచి వెళ్లి ఉంటే ముందు బ్రాంచికి రాతపూర్వకంగా చెప్పండి. వాపసు నేరుగా లోన్ ఖాతాలోకే రావాలి. ఏడాదిగా వడ్డీ పడుతోందని మీరు రాయలేదు. పడుతూనే ఉంటుంది, సోమవారమే వెళ్లండి.